ప్రభుదాసు మాస్టారి ఇంటిపని

ప్రభుదాసు మాస్టారు మనిషి కనబడితే చాలు, ఇంటిపని ఇవ్వకుండా ఉండలేరు. బడిపిల్లలకు ఇచ్చారంటే సరే, అందుకే కదా సర్కారువారు ఆయన్ని పెట్టుకున్నది. ఆయన క్షవరం చేసే రాయప్పకిచ్చారు, గోడ కట్టడానికి వచ్చిన తాపీవాళ్ళకిచ్చారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, పట్టకారు నోట్లో పెట్టేలోపు డాక్టరు గారికి కూడా ఇచ్చారు. ఊళ్ళో కుడివైపు పళ్ళు పుచ్చినవాళ్ళు ఎక్కువా, ఎడమవైపు పుచ్చినవాళ్ళు ఎక్కువా అన్నది ప్రశ్న. "ముందు నోరు తెరవండి మాస్టారూ" అని ఆ డాక్టరు విసుక్కున్నారు. వారం తరవాత మాత్రం బజార్లో ఎదురుపడి, "కుడివైపేనండి" అని జవాబు అప్పజెప్పి వెళ్ళిపోయారు.

బెజవాడ బస్సు కండక్టరు కథ అయితే తిరువూరంతా చెప్పుకుంది.

"ఇక్కడి నుంచి బెజవాడకి ఎన్ని వంతెనలయ్యా?" అని అడిగారు మాస్టారు, టికెట్టు తీసుకుంటూ.

"ఏమోనండి. పదేళ్ళబట్టి ఇదే బస్సు మీద తిరుగుతున్నాను గానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు."

"అదే నీ ఇంటిపని. సాయంత్రానికి చెప్పు."

ఆ పూట కండక్టరు తల కిటికీలోంచి లోపలికి రాలేదు. మైలవరంలో దిగాల్సిన ముసలాయన జి.కొండూరులో దిగి తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. సాయంత్రం తిరుగు బస్సు ఇంకా బస్టాండులోకి మలుపు తిరక్కముందే, "నలభై రెండు మాస్టారూ! తూములు కలిపితే అరవయ్యారు!" అన్న కేక వినబడింది. బజారు మొత్తం ఉలిక్కిపడి చూసింది. మాస్టారు సైకిలు ఆపి, "శభాష్! రేపు మలుపులు" అన్నారు.

ఇదంతా డెబ్భైనాలుగు, డెబ్భైఐదు నాటి మాట. ఊరి చివర రెండు గదుల పంచాయతీ సమితి బడి. అందులో మూడో తరగతి ఆయనది. ఇంటిపని అంటే పలక మీద అక్షరాలు దిద్దడం, ఎక్కాలు పదిసార్లు రాయడం అని లోకమంతా అనుకుంటుంది. మాస్టారి ఇంటిపనిలో పలక ఊసే ఉండదు. మీ గుమ్మం ఎత్తు అమ్మ జానతో ఎన్ని జానలు, నీ జానతో ఎన్ని? మీ నాన్న వేసిన వరి పేరేంటి, ఆ పేరు ఎందుకొచ్చింది? కోడి గుడ్ల మీద కూర్చున్న రోజు నుంచి పిల్ల బయటికొచ్చే రోజు దాకా ఎన్ని రోజులు? ఇలా రోజుకొకటి. ఆదివారం కూడా సెలవు లేదు.

"సార్, పొద్దున మా అమ్మ కొలిస్తే పది జానలే ఉందండి. సాయంత్రం నేను కొలిస్తే పదిహేనుందండి. మా గుమ్మం పెరిగింది సార్" అని ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి చెప్పింది.

"గుమ్మం పెరగలేదే తల్లీ, నువ్వే పెరగాలి. ఏటా కొలుస్తూ ఉండు, గుమ్మం అదే తగ్గుతుంది."

ఇచ్చి ఊరుకునే మనిషి కూడా కాదు. సాయంత్రం అయిదయ్యేసరికి సైకిలెక్కి, గంట కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవారు. గుమ్మంలో కాలు కింద పెట్టి, "ఇంటిపని అయిందా?" అని ఒకటే మాట. పిల్ల లేకపోతే పిల్ల తల్లిని అడుగుతారు, తల్లి లేకపోతే తాతని అడుగుతారు. గంట వినబడగానే కొందరు మగవాళ్ళు పెరటి దారిన పొలానికి బయల్దేరేవారు. పొద్దుగూకే వేళ పొలంలో పనేంటని అడిగే ధైర్యం ఇంట్లోవాళ్ళకు ఉండేది కాదు, ఎందుకంటే వాళ్ళూ అదే ఆలోచనలో ఉండేవారు.

కిరాణా కొట్టు అంకారావు ఒక రోజు లబలబలాడుతూ వచ్చాడు. "మాస్టారూ, మీ పిల్లలకి ఏం ఇంటిపనిచ్చారండీ? అంకారావు కొట్లో కిలో కందిపప్పుకి ఇరవైమూడు రాళ్ళని బజారంతా చెప్పుకు తిరుగుతున్నారు!"

"పప్పు బాగుచేసేటప్పుడు అమ్మ దగ్గర కూర్చుని రాళ్ళు లెక్కపెట్టమన్నానయ్యా. కూడికలు రావాలి కదా."

"మా పరువు తీసివేతలయిందండీ!"

మరుసటి నెల కిలోకి నాలుగు రాళ్ళే వచ్చాయి. కూడికలకు మరీ తక్కువయ్యాయని మాస్టారు బాధపడ్డారు.

చర్చికి వచ్చే పిల్లలకు ఒక ఆదివారం, పాస్టరు కృపానందం గారి ప్రసంగంలో "చివరిగా" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టమన్నారు. పంతొమ్మిదిసార్లు వచ్చింది. ఇరవయ్యోది వస్తుందని పిల్లలంతా చాపల మీద వేళ్ళెత్తి కాచుకు కూర్చోవడం పాస్టరు గారి కంటపడింది. విషయం తెలుసుకుని ఆయన నొచ్చుకున్నారు. పై ఆదివారం నుంచి ప్రసంగం అరగంటలో ముగిసేది. సంఘస్తులు ఈ సంగతి పైకి అనలేదు గానీ, ఆ ఏడాది క్రిస్మస్‌కి మాస్టారింటికి అరిసెలు ఎక్కువగా వచ్చాయి.

ఈ ఇంటిపనుల వల్ల ఊరంతా తలా కాస్త పడితే, తక్కినదంతా పడింది ఆయన భార్య సామ్రాజ్యం. ఎందుకంటే రేపు పిల్లలకిచ్చే ఇంటిపని ఇవాళ ఆమె వంటింట్లో పరీక్షకు రావాల్సిందే. "ముందు నువ్వు చెయ్యి సామ్రాజ్యం. నీకు కుదిరితేనే పిల్లలకిస్తాను" అనేవారు ఆయన, పీట వాల్చుకుని కూర్చుని. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ మాట వినని సాయంత్రం ఆమె ఎరగదు.

"అన్నం పొంగొచ్చేదాకా ఒకటీ రెండూ లెక్కపెట్టు, ఎంతవరకొస్తుందో చూద్దాం."

"నాకు వంద వరకే వచ్చండీ."

"వందవగానే ఒక చింతగింజ పక్కన పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు."

ఆరు చింతగింజలు పక్కన పడ్డాయి. పొంగు ఎప్పుడో వచ్చి పోయింది. లెక్క తప్పుతుందని ఆమె కుండ వైపు చూడలేదు. ఏడో వంద మధ్యలో ఉండగా అన్నం అడుగంటింది. "ఆరువందల నలభై!" అని మాస్టారు చంకలు గుద్దుకున్నారు. ఆ పూట మొగుడూ పెళ్ళాం మాడువాసన అన్నం తిన్నారు.

"కూరలో ఉప్పు చూసినట్టు అన్నీ నా మీదే చూస్తారేంటండీ?" అని ఆమె సాధించేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఒకే ఒక్కసారి ఆయన కాగితం, పెన్సిలు చేతికిచ్చి, 'అ'తో మొదలయ్యే మాటలు పది రాయమన్నారు. సామ్రాజ్యం రెండో తరగతితో బడి మానేసిన మనిషి. 'అమ్మ' అని రాసింది. తరవాత పెన్సిలు వైపు, కాగితం వైపు కాసేపు చూసింది. "నాకెందుకండీ ఈ రాతకోతలు, అవతల పప్పు మాడిపోద్ది" అని తిరిగి ఇచ్చేసింది. మాస్టారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో పడేశారు. మర్నాడు పిల్లలకు, 'అ'తో మొదలయ్యేవి వంటింట్లో ఏమేమున్నాయో అమ్మనడిగి రమ్మన్నారు. అట్లకాడ, అల్లం, అప్పడాలు, అరటికాయ అంటూ ఊరంతా వంటిళ్ళు వెతుక్కుంది. ఈయన తిక్క ఈయనది అనుకుంది సామ్రాజ్యం.

ఆమె తిక్క కూడా ఒకటుంది, అది మునగచెట్టు. ఎక్కడ కాపురం పెట్టినా ముందు పెరట్లో మునగకొమ్మ పాతేది. పెనుగొలనులో కొమ్మ చిగురు వేసేసరికి బదిలీ ఆర్డరొచ్చింది. గంపలగూడెంలో పూత పడేసరికి వచ్చింది. పదకొండేళ్ళలో ఆరు బదిలీలు. అందులో సగం, మాస్టారు చదువు చెప్పకుండా పిల్లల చేత కోళ్ళనూ గొడ్లనూ లెక్కపెట్టిస్తున్నాడని ఎవరో ఒకరు పెట్టిన అర్జీల పుణ్యమే. "నేను నాటిన మునక్కాడలు తినని మాస్టారు ఈ చుట్టుపక్కల లేడు, తిననిది నేనొక్కదాన్నే" అని వాపోయేది. తిరువూరు చెట్టు మాత్రం ఆమె మీద దయ తలచింది. మూడో ఏట విరగబూసి, పూత నిలబడి, వేలెడంత పిందెలు కూడా వేసింది. ఆమె రోజూ పొద్దున్నే చెట్టు కిందికి వెళ్ళి, తల పైకెత్తి చూసి, ప్రార్థన చేసుకుని వచ్చేది.

సరిగ్గా అప్పుడే జగన్నాథరావు గారు గుమ్మంలోకి వచ్చారు. మామిడితోటలున్న పెద్ద రైతు. ఆయన కూతురు భ్రమరాంబ మాస్టారి దగ్గరే మూడో తరగతి.

"మాస్టారూ, బెజవాడలో మా బావమరిది కూతురు రోజుకి నాలుగు పేజీలు ఇంగ్లీషు రాస్తోంది. మా అమ్మాయి ఏం చేస్తోందో తెలుసా? గొడ్లసావిట్లో కూర్చుని, గేదె ఒక్కో ముద్దని ఎన్నిసార్లు నెమరేస్తుందో లెక్కపెడుతోంది!"

"ఎన్నిసార్లండీ?" అన్నారు మాస్టారు ఆత్రంగా.

"యాభైమూడు. నల్లదయితే అరవై దాకా... అది కాదు మాట!"

"మీరూ లెక్కపెట్టారన్నమాట."

జగన్నాథరావు గారికి మొహం కందగడ్డయింది. "శనివారం ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. నేనే దగ్గరుండి తీసుకొస్తాను. ఆయనకే చెప్పుకోండి మీ గేదె లెక్కలు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

సామ్రాజ్యం తలుపు చాటు నుంచి అంతా విన్నది. ఏడో బదిలీ ఆర్డరు అప్పుడే ఆమె కళ్ళకు కనబడసాగింది.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. శనివారం దాకా పలకల మీద ఎక్కాలు రాయించండి. పిందె పడింది. ఈ ఒక్క కాపయినా నన్ను తిననివ్వండి."

పదకొండేళ్ళలో ఆమె ఆయన్ని నోరు తెరిచి ఏమీ అడిగి ఎరగదు. మాస్టారు చాలాసేపు సైకిలు గంటని తుడిచారు. "సరేలే సామ్రాజ్యం" అన్నారు.

బుధవారం పిల్లలకు మూడో ఎక్కం పదిసార్లు రాసుకు రమ్మని ఇచ్చారు. సాయంత్రం సైకిలు తియ్యలేదు. గంట వినబడక, మాస్టారికి ఒంట్లో బాగాలేదేమోనని నలుగురు వచ్చి పలకరించి వెళ్ళారు. పొలం పోవాల్సిన అవసరం లేక మగవాళ్ళకు తోచలేదు. మాస్టారు మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ, "ముప్పై ఒకటి" అన్నారు.

"ఏంటండీ?"

"వాసాలు" అన్నారు నీరసంగా.

గురువారం పొద్దున బడి గంట కొట్టి చాలాసేపయింది. సామ్రాజ్యం పిందెలు చూసుకుందామని పెరట్లోకి వెళ్తే, మునగచెట్టు వెనకాల పరికిణీ అంచు కనబడింది.

"ఎవరే అది?"

"నేనేనండి, రూతమ్మని."

పత్తి ఏరడానికి, కోతలకు కూలికి వెళ్ళే హన్నమ్మ కూతురు. పలకను వీపు వెనక దాచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బడికి పోకుండా ఇక్కడేం చేస్తున్నావే? మాస్టారు కొట్టరు కదా."

"కొట్టరండి. మూడో ఎక్కం రాలేదండి. మూడు నాలుగుల దాకే వచ్చండి. అమ్మ చేలోంచి వచ్చేసరికి పొద్దుపోయిందండి, దీపంలో కిరసనాయిలు లేదండి. అమ్మనడిగితే నాకు రాదే అందండి."

"అదే మాస్టారికి చెప్పొచ్చుగా?"

పిల్ల తల దించుకుంది. "రోజూ అమ్మకి అన్నీ వచ్చండి. నిన్న రాలేదండి. అమ్మ మొహం ఎట్టానో అయిపోయిందండి."

సామ్రాజ్యం చెట్టు మొదట్లోనే కూలబడింది. ఏడేళ్ళప్పుడు ఆమె కూడా ఇలాగే ఖాళీ పలక పట్టుకుని వాళ్ళ ఊళ్ళో గడ్డివామి వెనక దాక్కుంది. అప్పటి పంతులు రెండో ఎక్కం రాసుకు రమ్మన్నాడు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన వాళ్ళు లేరు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. మర్నాడు కూడా కూర్చుంది. మూడో రోజు, ఇంకెలాగూ మానేసింది కదా అని అమ్మ కోతకు తీసుకుపోయింది. అంతే ఆమె చదువు. ఆ సంగతి తలుచుకుని ఇన్నేళ్ళూ నవ్వుకునేదే గానీ, ఇవాళ ఆమెకు నవ్వు రాలేదు. తనకోసం, ఈ పిల్లకోసం కలిపి ఒకేసారి ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని పిల్లని వంటింట్లోకి తీసుకెళ్ళింది. పెరుగన్నం పెట్టి, చింతగింజల డబ్బా ముందు గుమ్మరించింది. మూడేసి గింజలు వరసగా పేర్చుతూ, ఇద్దరూ కలిసి లెక్కపెట్టుకుంటూ, మూడు పదులు ముప్పై దాకా వెళ్ళారు. ముప్పై రాగానే పిల్ల కంటే సామ్రాజ్యమే ఎక్కువ ఆశ్చర్యపోయింది. ఆ ఎక్కం తనకు వచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

రూతమ్మని చెయ్యిపట్టుకుని బడికి తీసుకెళ్ళి, గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏవండీ, రేపటికి ఇంటిపని ఏంటి?"

"నాలుగో ఎక్కం" అన్నారు మాస్టారు దిగులుగా.

"అది కాదు. మన ఇంటిపని."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "మరి శనివారం? మునగచెట్టు?"

"చెట్టుకేం, ఎక్కడికీ పోదు. మనం పోతే ఇంకో కొమ్మ పాతుకుంటాను. మీరివ్వండి."

ఆయన మొహం ఎలా వెలిగిందో సామ్రాజ్యం తరవాత చాలా మందికి చెప్పింది. ఒకరోజు ఊరుకున్నందుకు వడ్డీతో సహా బుర్రలో ఊరుతున్నట్టుంది, వెంటనే అనేశారు. "ఇంట్లో అన్నిటికంటే పాతది ఏది? ఎవరిది, ఎప్పటిది, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి. శనివారం వీలైతే పట్టుకురండి." పిల్లలు హుషారుగా కేకలు పెట్టారు. ఆయన చప్పున భార్య వైపు తిరిగారు. "ముందు నువ్వు చెప్పు సామ్రాజ్యం."

"మా అమ్మమ్మ రాచిప్ప."

"కుదిరింది!" అన్నారు.

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు సీతారామారావు గారు బస్సు దిగారు. ఎండలో కూడా నల్లకోటు విప్పని మనిషి. ఆయన పక్కనే జగన్నాథరావు గారు, దారి పొడుగునా గేదె సంగతి చెప్పుకుంటూ. సామ్రాజ్యం ఒక చేత్తో మజ్జిగ చెంబు, ఇంకో చేత్తో రాచిప్ప పట్టుకుని, వాళ్ళ వెనకే బడికి బయల్దేరింది. బడి ముందుకు వచ్చేసరికి ముగ్గురూ ఆగిపోయారు.

వరండా అంతా పాత సామానే. చిలుం పట్టిన గంగాళం, పిడి ఊడిన తిరగలి, కాలు విరిగిన పీట, ఎవరి తాతదో గొడుగు కర్ర. వాటి ముందర ఎడ్లబండి ఒకటి. నలుగురు పిల్లలు కలిసి బండిలోంచి ఒక పండు ముసలమ్మని జాగ్రత్తగా దింపుతున్నారు.

"ఆ ఎడ్లు..." అన్నారు జగన్నాథరావు గారు. "ఆ బండి... నాయనమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

తొంభై ఏళ్ళ పుల్లమ్మ గారు చేతికర్ర సర్దుకుని, మనవడి వైపు చూసింది.

"ఇంటిపనిరా జగ్గా" అంది.

ముని మనవరాలు భ్రమరాంబ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. "మా ఇంట్లో అన్నిటికంటే పాతది మా తాతమ్మేనండి. పట్టుకొచ్చానండి."

"పట్టుకొచ్చేదేంటే? ఆవిడ వస్తువా?" అని జగన్నాథరావు గారు కేకలేశారు.

"దాన్ని అరవకు. బండి కట్టించింది నేనే" అంది పుల్లమ్మ. "ఏడేళ్ళప్పుడు మా అన్నని బళ్ళో కూర్చోబెట్టి, ఆడపిల్లకెందుకని నన్ను గుమ్మంలోంచి ఇంటికి పంపేశారు. ఇన్నేళ్ళకి ఒక మాస్టారు నన్ను బడికి పట్టుకురమ్మన్నాడు. రాకుండా ఎట్టా ఉంటాను?" అంటూ కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. కుర్చీ వేస్తే వద్దంది. మూడో తరగతి వరసలో చాప మీద భ్రమరాంబ పక్కన కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారు కోటు గుండీ ఒకటి విప్పారు.

తరవాత పరీక్ష మొదలైంది. సీతారామారావు గారు ఎదురుగా కూర్చున్న రూతమ్మని లేపారు. ఆ పిల్ల చేతిలో వేలెడు వెడల్పు కూడా లేని అరిగిపోయిన కొడవలి ఉంది.

"ఇదేంటమ్మా?"

"మా అమ్మమ్మ కొడవలండి. కొన్నప్పుడు రెండు వేళ్ళ వెడల్పంటండి. అమ్మమ్మ ఇరవయ్యేళ్ళు కోస్తే ఒక వేలరిగిందండి. మా అమ్మ పదేళ్ళు కోస్తే అర వేలరిగిందండి. ఇంకా అర వేలుందండి. అంటే ఇంకో పదేళ్ళొస్తదండి."

ఇన్‌స్పెక్టరు గారు వేళ్ళు ముడుస్తూ మనసులో లెక్క వేసుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. "ఇది త్రైరాశికం. ఐదో తరగతి లెక్క. నీకెవరు చెప్పారు?"

"మా అమ్మండి."

"మీ అమ్మ ఎంతవరకు చదివింది?"

"చదవలేదండి, కోత కోసింది" అంది రూతమ్మ. "పదేళ్ళయ్యాక నేను కోతకి పోనంటండి, చదువుకుంటానంటండి. అందుకని ఇంకో కొడవలి కొననంది మా అమ్మ."

ఇన్‌స్పెక్టరు గారు కోటు పూర్తిగా విప్పి కుర్చీకి తగిలించారు.

"మాస్టారూ, ఇలాంటి ఇంటిపని మీకు ఏ ట్రైనింగులో నేర్పారు?"

మాస్టారు మెడ వెనక గోక్కున్నారు. "ట్రైనింగులో కాదండి, ఇంట్లో. మా ఇంటావిడ రెండో తరగతిలో బడి మానేసిందండి. తెలివి లేక కాదు. పలక ఖాళీగా ఉంటే, ఇంట్లో అడగడానికి ఎవరూ లేక, గడ్డివామి వెనక దాక్కుందట. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదండి. ఏ పిల్లకైనా ఇంటిపనిస్తే, దానికి జవాబు వాళ్ళమ్మ దగ్గరుండాలి అనుకున్నాను. అందుకని ఏదైనా ముందు ఆవిడకిస్తాను. ఆవిడకి కుదిరిందంటే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కుదిరినట్టే."

కిటికీ అవతల మజ్జిగ చెంబుతో నిలబడ్డ సామ్రాజ్యానికి ఇదంతా వినబడింది. ఊళ్ళోకెల్లా చదువురాని మొద్దుని నేనన్నమాట అని ముందు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు, రోజుకొకటి అని లెక్కపెట్టబోయి, చింతగింజలు దగ్గర లేక వదిలేసింది. ఎప్పుడో నవ్వులాటకి అన్నది, చెప్పినట్టు తనకే గుర్తులేని మాటని ఈ మనిషి ఇన్నాళ్ళూ మొయ్యడం, ఆరు బదిలీలు దానికోసమే పడడం ఆమెకు ఒక్కసారిగా తెలిసింది. కోపం ఎటు పోయిందో పోయింది. మజ్జిగలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేక, అలాగే తీసుకెళ్ళి ఇచ్చేసింది.

ఉప్పు రెండుసార్లు వేసిందని ఇన్‌స్పెక్టరు గారి మొహం చూస్తే తెలిసింది. ఆయన గుటక వేసి, పుస్తకంలో "ఇంటిపని చూచితిని. చాలా బాగున్నది" అని రాసి సంతకం పెట్టారు. జగన్నాథరావు గారు గేదె సంగతి ఇంకేం అనలేదు. అనడానికి ఆయన నాయనమ్మ తీరిక ఇవ్వలేదు.

"ఒరే జగ్గా, రేపు కూడా బండి కట్టించు" అంది పుల్లమ్మ. "సోమవారానికి ఇంటిపని ఏంటయ్యా మాస్టారూ?"

"రేపు ఆదివారం నాయనమ్మా, బడి లేదు" అని గొణిగారు జగన్నాథరావు గారు.

"ఇంటిపనికి సెలవులేదని భ్రమరం చెప్పిందిలే."

వెళ్ళేముందు ఇన్‌స్పెక్టరు గారిని కూడా మాస్టారు వదల్లేదు. బస్టాండు దాకా సాగనంపి, పాత వస్తువేదో ఇంట్లో అడిగి తెలుసుకుని కార్డు ముక్క రాయమన్నారు. పది రోజులకు కార్డు వచ్చింది. "మాస్టారికి నమస్కారములు. మా ఇంట్లో అన్నిటికంటే పాతది నా కోటు అని నా భార్య తెలియజేసినది" అని ఉంది. మాస్టారు దాన్ని తరగతిలో చదివి వినిపించి, పదికి పది మార్కులు వేశారు.

మార్చి నెలాఖరుకు మునగచెట్టు కొమ్మలు వంగేలా కాసింది. మొదటి కట్ట హన్నమ్మకు, రెండోది పుల్లమ్మ గారికి పంపి, మూడోది పులుసు పెట్టింది సామ్రాజ్యం. పదకొండేళ్ళ తరవాత తన చెట్టు కాయ తనే నమిలి, పిప్పి పక్కన పెట్టి, చాలాసేపు తృప్తిగా కూర్చుంది. అయిదయింది. మాస్టారు సైకిలు తీశారు.

"ఆగండి. ఇవాళ ఇంటిపని నేనిస్తాను" అంది ఆమె. "చెట్టుకి ఇంకా ఎన్ని కాయలున్నాయో చెప్పాలి."

మాస్టారు మహా సంబరపడిపోయారు. "బ్రహ్మాండంగా ఉంది! పిల్లలకి ఇప్పుడే చెప్పొస్తాను."

సామ్రాజ్యం సైకిలు వెనక సీటు పట్టుకుని ఆపేసి, పీట తెచ్చి చెట్టు కింద వాల్చింది.

"ముందు మీరు చెయ్యండి. మీకు కుదిరితేనే పిల్లలకిద్దాం."